గజ్జెల అల్లుడు

ఆ దినాల్లో ఆళ్లగడ్డలో ఒక మనిషి సిగ్గుపడాల్సొస్తే ఊరంతా కూడి చూసేది. ఇప్పుటి మాదిరి తలుపేసుకుని ఒంటరిగా సిగ్గుపడేదానికి కుదిరేది కాదు. నేను అయిదో తరగతితో బడి మానేసినోణ్ణి, ఇట్ల కూర్చుని రాసేది ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి. (మా కోడలు, "గోడకు తగిలించిన ఆ గజ్జెలు ఏంది మామా?" అని అడిగింది. నోటితో చెప్పాలంటే మొహం చెల్లక రాస్తాండా.)

నాకప్పుడు బస్టాండు కాడ ఒక జట్కా ఉండేది. దాన్ని లాగేది చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. నా అన్నం, మా నాయన బీడీలు, అన్నీ దాని కాళ్లమీదనే. డెబ్బైల చివర్లో ఒక వానాకాలం, మురుగునీళ్ల మోరీ బండల సందులో దాని ముందరికాలు ఇరుక్కుని నరం లాగింది. కాలు సొరకాయ మాదిరి వాచింది. పశువుల డాక్టరు వచ్చి పిసికి చూసి, "ఎముక ఇరగలేదు. బండి మాత్రం కట్టొద్దు. పొద్దున్నే పారే నీళ్లలో నిలబెట్టు, తర్వాత మెల్లగా నడిపించు. బాగయితే నీ అదృష్టం" అని చెయ్యి కడుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు నంద్యాల సంబంధం వచ్చింది. మా మాదిరే చర్చికి పోయే కుటుంబం. పిల్ల నాయన బడిపంతులు, మాట కత్తిరించినట్టు ఉంటాది. "పిల్లోడు మంచోడే అంటాండారు. గుర్రం కుంటిదంట గదా. జట్కా తిరక్కపోతే నా కూతురికి ఏం పెడతాడు? కోతపండగకు మీ చర్చికి వస్తాం. ఆ పొద్దు గుర్రం నడిస్తే మాట్లాడుకుందాం, లేదంటే లేదు" అన్నాడు. నేను ఆ పిల్లను ఒక్కసారే చూసినా, నంద్యాల చర్చి మెట్లమీద. ఎందుకో నవ్వతాండె. నన్ను చూసే నవ్విందని నేనే అనుకున్యా.

ఇంగ మొదలయింది నా తిప్పలు. నేను దిగితే తప్ప చుక్క కాలవలోకి దిగదు. నడుముల్లోతు నీళ్లలో ఇద్దరం పక్కపక్కన నిలబడేవాళ్లం. గట్టున బట్టలుతికే ఆడోళ్లు ఊరుకుంటారా?

"ఏమప్పా, నీకు గూడా కాలు వాచిందా?"

"లేదక్కా, దానికి తోడు."

"గుర్రానికే ఇంత తోడుంటే, పెండ్లాం వచ్చినాక యాడ నిలబడతావ్?"

నీళ్లలో నుంచి బయటికొస్తే ఇంగో అగచాటు. చుక్క గజ్జెల చప్పుడు లేనిదే అడుగు తీసి అడుగు వేయదు. జట్కా గుర్రం కదా, ఆ చప్పుడుకే కాళ్లు అలవాటయినాయి. సరే అని గజ్జెల పట్టె దాని మెడకు కడితే, బండి కట్టినారనుకుని దౌడు తీయబోయి, వాచిన కాలు ఇంగా వాపు చేసుకునింది. ఏం చేయాల? శానా ఆలోచించి ఆ పట్టె నేనే నడుముకు కట్టుకున్యా. నేను ముందర ఘల్లు ఘల్లుమని మెల్లగా పోతాంటే, అది నా వెనకాల మెల్లగా వస్తాంది. నాది పనిచేసే తెలివేగానీ, చూసేదానికి బాగుండే తెలివి కాదు. బడి పిల్లోళ్లు వెంటపడి, "అన్నా, గుర్రం ఏది, నువ్వేది?" అని అరిచేవాళ్లు.

ఇంటికి రాగానే మా నాయన మంచంమీది నుంచే అడిగేవాడు, "ఎట్లుండాదిరా?"

"నిన్నటికన్నా మేలు నాయనా."

"నిన్న గూడా అదే అంటివే."

"నిన్న గూడా మేలే."

(నిజం చెప్పాలంటే కొన్ని దినాలు నిన్నటికన్నా అధ్వానంగా ఉండేది. కానీ నోట్లో నుంచి ఆ మాట వస్తే, ఇంగ కాలు అట్లే ఉండిపోతాదని భయం.)

కోతపండగ వచ్చింది. తెలీనోళ్లకు చెప్తాండా, ఆ పొద్దు ఎవరు పండించింది వాళ్లు తెచ్చి చర్చిలో ముందర పెడతారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు గూడా. ప్రార్థన అయినాక అన్నిటినీ వేలం పాడి ఆ దుడ్లు చర్చికి చేరుస్తారు. ముందర పెట్టింది ఏదయినా సరే, ఇంగ అది దేవునిదే. మా చర్చిపెద్ద వేలం పాడితే బస్టాండు దాకా వినపడేది.

నేను పొద్దున్నే చుక్కను కాలవలో ముంచి, చర్చి కాడికి నడిపించుకోనొచ్చి, బయట యాపచెట్టుకు కట్టేసినా. గజ్జెలు లేంది అడుగు వేయనిదానికి గట్టి ముడి దేనికిలే అని తాడు ఊరికే చుట్టినా. గజ్జెల పట్టె విప్పబోతే ఊడి రాలేదు. నీళ్లలో నానిన తోలు, ఎండకు బిగుసుకోని నడుమును పట్టుకునింది. లోపల పాట మొదలుపెట్టినారు. నంద్యాలోళ్లు అప్పుటికే వచ్చి ముందర కూర్చున్నారు. ఇంగ చేసేదేముంది, మీద పొడుగు చొక్కా వేసుకుని లోపలికి పోయినా.

అందరూ లేచినప్పుడు, ఘల్లు. కూర్చున్నప్పుడు, ఘల్లు. మోకరించినప్పుడు రెండుసార్లు. పాస్టరయ్య ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసినాడు. ఆడోళ్ల పక్క నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఊపిరి గూడా బిగబట్టినా.

ఇంతలో కానుకలు తెమ్మన్నారు. నా చేతిలో గుమ్మడికాయ ఉండాది. వెనకాల్నుంచి ముందర దాకా నడవాల. ఎంత మెల్లగా నడిస్తే అంత బాగా మోగుతాండాయి. ఘల్లు... ఘల్లు... ఘల్లు. సగం దూరం పోయినాక జనం నన్ను చూడ్డం మానేసి నా వెనక్కు చూస్తాండారు. తిరిగి చూస్తే, చుక్క! రెండు మెట్లెక్కి, తాడు ఈడ్చుకుంటా, చాపలమీద నా వెనకాలే వస్తాంది. కుంటుతాంది. కానీ వస్తాంది. నేను నిలబడితే అదీ నిలబడింది, సరిగ్గా కానుకల ముందర. నిలబడి, తోక ఎత్తి, చేయాల్సిన పని గూడా అక్కడే చేసింది.

పంతులు లేచి, "కుంటిదే గదప్పా ఇంగా!" అన్నాడు. నాకు గుమ్మడికాయ వెనకాల దాక్కోవాలనిపించింది.

చర్చిపెద్దకు ఎప్పుడు ఏం చేయాల్నో తెలీదు. "ముందర పెట్టింది ఏదయినా దేవునిదే!" అని వేలంపాట ఎత్తుకున్నాడు. "గుర్రం! ఒకటోసారి!" జనం నవ్వులు.  అది తమాషానో నిజమో తెలీదు. ఎవరన్నా పాడితే పోతాదని భయం, ఎవరూ పాడకపోతే నా గుర్రానికి విలువే లేదని సిగ్గు.

"పావలా!" అని ఆడోళ్ల పక్క నుంచి ఒక గొంతు. పిల్ల అవ్వ.

"అమ్మా, నువ్వు కూర్చో!" అన్నాడు పంతులు.

"నువ్వు కూర్చోరా. కుంటుకుంటా అయినా పిలిస్తే వచ్చింది గదా చర్చికి! మీ నాయన రెండు కాళ్లూ బాగుండి ఎన్నడన్నా వచ్చినాడా?"

పంతులు కూర్చున్నాడు. పావలామీద ఎవరూ పాడలేదు. మూడోసారి గూడా అయిపోయింది. అవ్వ కొంగుముడి విప్పి పావలా పళ్లెంలో వేసి, అందరికీ వినపడేటట్టు అనింది, "ఇంగ గుర్రం మాది. ఇది గజ్జెలు లేంది కదలదు. గజ్జెలేమో ఆ పిల్లోని నడుముకుండాయి. వాణ్ణి యాడ ఇడిసిపెట్టి పోదాం?"

నేను తలెత్తలేదు. పేడ ఎత్తేదానికి ఒంగినా, మళ్లీ ఘల్లుమనింది. ఈసారి పక్కన తట్ట పట్టుకోని వచ్చింది ఆ పిల్లనే. "అది నిజంగా నడుస్తాదా?" అని మెల్లగా అడిగింది. "నిన్నటికన్నా మేలు" అన్యా.

ఎండాకాలంలో పెండ్లి అయింది. చుక్క కుంటు పూర్తిగా పోలేదు. బరువులు లాగలేదుగానీ, బడి పిల్లోళ్లను శానా ఏండ్లు తిప్పింది. అవ్వ వచ్చినప్పుడల్లా, "నా గుర్రం ఎట్లుండాది?" అని లెక్కగా అడిగేది. నంద్యాలలో మాత్రం నాకు పేరు పోయింది. గజ్జెల అల్లుడు అంటే ఇప్పుటికీ ఆ వీధిలో మా అత్తగారిల్లు చూపిస్తారు.

ఇప్పుడు నా మోకాలు పోయింది. డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. నేను మంచం దిగకుండా మొండికేస్తే నా పెండ్లాం అరవదు, బతిమలాడదు. గోడమీది పట్టె తీసుకుని వాకిట్లోకి పోయి ఒకసారి ఊపుతాది. చుట్టుపక్కలోళ్లు వింటారని సిగ్గుతో బేగా లేస్తా. వీధి చివర దాకా పోయినాక అడుగుతాది, "ఎట్లుండాది?"

"నిన్నటికన్నా మేలు" అంటా.

(నిన్న గూడా అదే చెప్పినా.)