చింతపండుతో తోమిన పిస్టన్లు

మా అమ్మకి మెరవని వస్తువంటే గిట్టదు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో మేమున్న గదికి సరైన కిటికీ కూడా లేదు గానీ, దేవుడి దగ్గర ఇత్తడి సామాను మాత్రం ధగధగలాడుతూ ఉండేది. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు ఉంటే వదలని మురికి లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకమే చివరికి మా ఇంటిని రెండు ముక్కలు చేసింది.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి డాక్‌లో మూటలు మోసి మోసి, ఒక పాత అంబాసిడర్ టాక్సీ కొనుక్కున్నాడు. ఇంకొకడి కింద పని చెయ్యనక్కర్లేదన్న ఒక్క సంతోషంతో, బంద్ రోజులు తప్పించి ఏనాడూ దాన్ని దిగలేదు. పోనుపోను దాని ఇంజను పెట్రోలుతో పోటీపడి నూనె తాగడం మొదలుపెట్టింది. హౌరా బ్రిడ్జి ఎక్కితే వెనకాల బండ్లవాళ్లు ఆ పొగకి దగ్గుతూ బెంగాలీలో మా వంశాన్నంతా తలుచుకునేవారు.

ఆ రోజుల్లోనే హౌరా అవతల సంత్రాగాఛిలో ఉండే మా చిన్నాన్న కారుని లారీ గుద్దింది. ఆయనా అంబాసిడరే అద్దెకి నడిపేవాడు. కారు నుజ్జయింది, కాలు విరిగింది, ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న చూడ్డానికి వెళితే మంచం మీద నుంచే చెప్పాడు: "అన్నియ్యా, నానింక బండి తోల్నేను. ఆ ఇంజను అలాగే ఎత్తి నీ బండిలో యేసుకో."

నాన్న ఒప్పుకోలేదు. ఇంజను నంబరు బ్లాకు మీద, అంటే సిలిండర్లుండే ఇనప దిమ్మ మీద చెక్కి ఉంటుంది. బండి కాగితాల్లోనూ అదే నంబరు. బ్లాకు మారితే కాగితాలు మార్చాలి, దానికి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. అందుకని పార్టీ ఆఫీసు పక్క గ్యారేజీలో బండ్లు బాగుచేసే మిస్త్రీ కలకత్తాలో నలుగురూ చేసే ఉపాయమే చెప్పాడు. పాత బ్లాకునే ఉంచి, దాని సిలిండర్లకి తొడుగులు వేయించి, చిన్నాన్న ఇంజనులోని పిస్టన్లనీ రాడ్లనీ అందులో దించడం. బ్లాకు లేతు పనికి వెళ్లింది. చిన్నాన్న ఇంజను విప్పేశారు.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చిపడింది. ఆ రోజు ఏ గ్యారేజీలోనూ పని జరగదు. ఆకాశం నిండా గాలిపటాలు, వీధి నిండా మైకులు. దొంగల భయంతో నాన్న ముందురోజే పిస్టన్లూ రాడ్లూ గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చాడు. మా ఊళ్లో దసరాకి చేసే ఆయుధ పూజని మేము ఇక్కడికొచ్చాక ఆ రోజే కానిచ్చేవాళ్లం. పొద్దున్నే నాన్న టాక్సీకి దండలు కట్టడానికి వెళ్లాడు, నేను పూల కోసం బజారుకి వెళ్లాను. వచ్చేసరికి అమ్మ కుళాయి దగ్గర కూర్చుని ఆఖరి పిస్టన్ని కడుగుతోంది. దేవుడి ముందు పెట్టే సామాను అంత నల్లగా ఉంటే ఆవిడ ప్రాణం ఊరుకుంటుందా! చింతపండు పట్టించి, ఇటుక పొడితో అరగదోమింది. పళ్లెంలో వరసగా పేర్చితే వెండి గ్లాసుల్లా ఉన్నాయి.

నాన్న రాగానే, "సూడండి, కొత్తయి లాగున్నాయి కదేటి?" అంది, మొహం విప్పారించుకుని.

ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో చుట్టూ తడిమాడు. మళ్లీ తడిమాడు. తర్వాత నెమ్మదిగా పళ్లెంలో పెట్టి, "బాగున్నాయే" అన్నాడు. అమ్మ అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది.

మర్నాడు గ్యారేజీలో ఏం జరిగిందో మిస్త్రీయే నాకు తర్వాత చెప్పాడు. పిస్టన్ల లోహం మెత్తనిది, ఇటుక పొడి అందులో దిగబడిపోయింది, ఒళ్లంతా గీతలు. ఇవి వేస్తే ఇంజను దక్కదు దాదా అన్నాడట. కొత్తవి కొనే స్తోమత నాన్నకి లేదు. కిరసనాయిలుతో కడిగించి, అవే బిగించెయ్యమన్నాడు. దుర్గాపూజ దాకా బండి బాగానే తిరిగింది. ఆ తర్వాత సాల్ట్ లేక్ దారిలో ఒక పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయి, దాని రాడ్డు విరిగి, బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. కాగితాల్లో నంబరున్న ఆ బ్లాకే పగిలిపోయాక ఇంక టాక్సీ ఎక్కడిది? నాన్న ఇంకొకడి బండి తోలడానికి కుదిరాడు. పోయేదాకా అదే పని.

"మీ తమ్ముడు పుచ్చు సామాను అంటగట్టినాడు" అంది అమ్మ. నాన్న తల దించుకున్నాడు, కాదనలేదు. అమ్మ ఆ మాట కుళాయి దగ్గరా అంది, పెళ్లిళ్లలోనూ అంది. అది సంత్రాగాఛి చేరింది. కర్ర పట్టుకునైనా ఆదివారాలు మా ఇంటికొచ్చే చిన్నాన్న రావడం మానేశాడు. నాన్న పోయినప్పుడు కూడా తిన్నగా శ్మశానానికి వచ్చి, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

చాలా ఏళ్లకి, ఆయన మంచాన పడ్డాడని తెలిసి చూడ్డానికి వెళ్లాను. అమ్మ పిస్టన్లు తోమిన సంగతి, కడుపులో దాచుకున్నదంతా చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"నాకు తెల్దేటే? మీ నాన్న ఆ వారమే వొచ్చి సెప్పీసినాడు. నాను సెడ్డోణ్ణనుకుంటే మీ యమ్మకి నాల్రోజులు కోపం. మొగుడి బండి తనే పాడుసేసినానని తెలిస్తే బతుకంతా ఏడుపు. ఒగ్గేయ్ అన్నియ్యా, నా మీదే ఉండనీ అన్నాను."

అన్నదమ్ములిద్దరూ కలిసి ఎంత గొప్ప త్యాగం చేశామనుకున్నారో! నాకు మాత్రం ఒళ్లు మండింది. మా అమ్మేమైనా గాజుబొమ్మా? నాలుగు రోజులు ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచి మళ్లీ పొయ్యి వెలిగించే మనిషి. ఆవిడకి ఏది భారమో, ఏది కాదో వీళ్లే తేల్చేశారు. జబ్బుమనిషి దగ్గర ఆ కోపం చూపించలేక, కాళ్లు నొక్కి వచ్చేశాను. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు.

కబురు చెబితే అమ్మ గోడకి చేరగిలబడింది.

"ఒక్కపాలి వొచ్చి, తప్పయిపోనాది వొదినా అంటే సరిపోను కదే" అంది. "ఆ మాట కోసమే సూసినాను ఇన్నేళ్లూ."

నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ అప్పటికే లేచి, సంత్రాగాఛి వెళ్లడానికి చీర మార్చుకుంటోంది.