అప్పలమ్మ గారి పళ్ళు, నా ఫ్లోరైడు

గాజువాకలో ఒక్క ముక్కతో మంచి నూతిని మూయించి, దొరికిన గదిని పోగొట్టుకున్న రసాయనశాస్త్ర పట్టభద్రుణ్ణి నేనే. జరిగింది వరుసగా మనవి చేస్తాను.

తొంభైల చివర్లో ఆటోనగర్‌లో నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో చేరాను. బ్రహ్మచారికి గది ఇవ్వడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమేనని గాజువాక యావత్తూ నమ్మే రోజులు. చివరికి సన్యాసిరావు గారనే ఇంటి యజమాని మెత్తబడి, "ఆదివారం సామాను తెచ్చీండి" అన్నారు. అక్కడితో లేచి వచ్చేయాల్సింది. అరుగు మీదున్న వాళ్ళమ్మ అప్పలమ్మ గారు నన్ను చూసి నవ్వారు. పళ్ళు ముదురు గోధుమరంగు.

"ఇది ఫ్లోరైడండీ!" అన్నాను.

"అదేటి బాబూ?"

"ఫ్లోరిన్ అని ఒక మూలకం ఉంది. దానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. పెళ్ళిలో ఆఖరి బంతికి మిగిలిపోయినవాడిలా ఎవరి విస్తట్లోంచైనా లాక్కుంటుంది. లాక్కున్నాక శాంతించి ఫ్లోరైడ్ అవుతుంది. నీళ్ళలో కాస్త ఉంటే పళ్ళకు రక్ష, ఎక్కువైతే మచ్చ. అంతా మీ నూతి నీళ్ళ వల్లే."

"నీల్లేరా! నాను అప్పుడే అనుకున్నాను!" అన్నారు అప్పలమ్మ గారు కొడుకుతో, అవసరానికి మించిన ఉత్సాహంతో.

ఆ సాయంత్రమే నూతి మీద రేకు పడింది. మర్నాడు నేను సీసాతో వెళ్ళేసరికి, ఆ నూతి నీళ్ళే తాగే వీధంతా కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకుంటోంది.

"నుయ్యికి రేకేటి బావా?" అని వరసలో ఒకడు పక్కవాణ్ణి అడిగాడు.

"ఎవుడో నీల్ల డాక్టరు సెప్పాడంట. కనపడితే ఆడి పల్లు నాను సూత్తాను."

సీసా చొక్కాలో దాచుకుని, రేకు ఎత్తి నీళ్ళు పట్టుకుపోయాను. పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఉండాల్సినంతే ఉంది. పైగా ఆ మచ్చలు పడేది చిన్నతనంలో, పళ్ళు తయారయ్యేటప్పుడు. ఆవిడ ఆ ఇంటికి కాపురానికొచ్చిందే పళ్ళన్నీ వచ్చాక. ఇదంతా చదువుకున్నదే. అడగడం ఒక్కటే మరిచాను.

ఆదివారం ఒక చేత్తో ట్రంకుపెట్టె, మరో చేత్తో రిపోర్టు పట్టుకుని వెళ్ళాను.

"నీళ్ళు శుభ్రమైనవేనండీ."

"మరి మాయమ్మ పల్లేటి అలాగున్నాయి?"

ఇద్దరం ఆవిడ వైపు తిరిగాం. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ముక్కులోంచి పొగ వస్తోంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు కనబడకుండా వచ్చే పొగ ఒకటి ఈ జిల్లాలో ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం; పొట్టి చుట్టైతే పెదాలు మూస్తే బయటికి కనబడదు. మాది గోదావరి వైపు, నాకేం తెలుసు?

"అమ్మా! మానీసినానని ఒట్టేసినావు గదే!"

అప్పలమ్మ గారు తాపీగా చుట్ట బయటకు తీశారు.

"ఒరే, నోట్లో నిప్పెట్టుకుని నాను నోరు మూసుకున్నాను. ఈ బాబు ఉత్త నోరు మూసుకోలేకపోనాడు. ఈడికి గది ఇవ్వకు."

ఇవ్వలేదు.

తిరిగొస్తూ నూతి రేకు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి పళ్ళకూ కారణం చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు ముక్కు చూస్తాను.