జీలకర్ర పొట్లంలో పోయిన చివరి పేజీలు

"దుకాణం తీసేసి క్లబ్బు పెట్టినారు నాయనా, అదీ సినిమావాళ్లు చేసిన పని. పుస్తకంలో ఆమె ఉప్పూ పప్పూ అమ్ముకునే మనిషి. సరిహద్దులో ఏదో చిన్న ఊరు, అందులో ఆమె దుకాణం. మన గూఢచారికి కబుర్లు అందించేది ఆమెనే. సినిమాకొచ్చేసరికి ఆమె లేదు, ఆమె తక్కెడ లేదు. ఎవరో డ్యాన్సరు వచ్చి పాటలు పాడి, హీరోకి తగలాల్సిన తూటా తాను తగిలించుకోని పోయింది. నేను ఆఖరుదాకా కూర్చున్నా, యాడన్నా కనపడతాదేమోనని."

గిద్దలూరు బజారులో సామ్రాజ్యమ్మ కిరాణా దుకాణం ముందు, తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని వింటున్నాడు ఫణికృష్ణ. ఆమె నోట ఈ మాటలు అతను ఇంతకుముందూ విన్నాడు. అయినా తొలిసారి విన్నట్టే తలాడించాడు. టీవీలు బాగుచేసే మనిషి అతను. ఎవరూ నేర్పకుండా, విప్పి చూసి, బిగించి చూసి నేర్చుకున్నాడు. మనుషుల్నీ అట్లనే నేర్చుకుంటాడు, తొందర లేకుండా. ఒకప్పుడు ఆమె టీవీకి నెట్టు పెట్టడానికి వచ్చి, "గూఢచారి సినిమాలు యాడుంటాయో చూపించిపో" అని ఆమె అన్న మాటకి ఆగిపోయాడు. అప్పటినుంచీ మధ్యాహ్నం పూట, బేరాలు లేనప్పుడు వచ్చి కూర్చుంటాడు.

ఆమెకి ఎన్ని సినిమాలు చూసినా తృప్తి లేదు. "పుస్తకంలో గూఢచారి పని ఎదురుచూడటం నాయనా. సినిమాలో వాడి పని తన్నడం. నిన్న చూసినా ఒకటి, సిగరెట్టు పెట్టె కొని చిల్లర తీసుకోకుండా పోతాడు. దుకాణమామె జన్మలో మర్చిపోతాదా వాణ్ణి? పోలీసులొచ్చి అడిగితే ముక్కూ మొహం గీసి చూపిస్తాది."

పుష్పమ్మ వచ్చి జీలకర్ర అడిగింది. తీసుకుని, డబ్బా మీద ఉన్న ఫణికృష్ణని చూసి నవ్వింది. "ఏం ఫణీ, మీ పెద్దమ్మ సీఐడీ కథ ఇంకా అయిపోలేదా?"

"అయిపోయినరోజు నీకు చెప్పి పంపిస్తాలే, ఇంటికాడనే ఉండు" అంది సామ్రాజ్యమ్మ.

పుష్పమ్మ పోయింది. ఆ జీలకర్ర ప్లాస్టిక్ కవరులో పోయింది. సామ్రాజ్యమ్మ దాని వెనకే కాసేపు చూసింది. ఆ చూపు ఎందుకో ఫణికృష్ణకి తెలుసు.

ఆమె చిన్నతనంలో, పొదిలిలో నాయన దుకాణానికి చిత్తు కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. పాత పేపర్లు, పరీక్ష కాగితాలు, అట్టలు ఊడిన నవలలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడపిల్లలు కూర్చుని పేజీలు చింపి పొట్లాలకు సిద్ధం చెయ్యాలి. సామ్రాజ్యానికి ఒక పద్ధతుండేది. చదివిన పేజీ కుడిపక్క, చదవాల్సింది ఎడమపక్క. కుడిపక్కది మాత్రమే దుకాణంలోకి పోతుంది. అట్ల ఆమె చదివిన నవలలన్నీ ఆ ఊరి కందిపప్పూ ఆవాలూ మోసుకుపోయాయి. ఒక నవలని రెండోసారి చదవడమనేది ఆమె ఎరగదు.

తర్వాత సినిమాగా వచ్చిన ఈ నవలకి అట్ట లేదు, పేరు లేదు. గూఢచారికి ఎడమచేతి చిటికెన వేలు ఉండదు. అపాయం ఉన్నరోజు దుకాణమామె తక్కెడ పళ్లెం ఒకటి బోర్లించి పెడుతుంది, అది చూసి అతను ఆగకుండా నడిచిపోతాడు. చివరికి రహస్యం చేతికొచ్చాక, "రేపటి బండికి వచ్చి నిన్ను తీసుకపోతా" అని వెళ్తాడు. మర్నాడు బండి కూత వినబడుతుంది. ఆమె దుకాణం తలుపు సగం మూస్తుంది. సామ్రాజ్యం చదివింది అంతవరకే.

ఆరోజు సంత. జనం మీద జనం. నాయన కేకేస్తే, పోయి తిరిగొచ్చే తొందరలో కాగితాలు ఎత్తుకుపోయింది. ఎడమపక్కవి, ఇంకా చదవనివి. తన చేత్తోనే జీలకర్ర పొట్లాలు కట్టి, తర్లుపాడు నుంచి వచ్చిన ఒకామెకి ఇచ్చింది. బస్సు కదిలిపోయాక గాని తెలియలేదు. మళ్లీ సంతకి ఆమె వస్తే పట్టుకుని అడిగింది. "అక్కా, పోయినసారి జీలకర్ర కట్టిచ్చిన కాగితాలు ఉన్నాయా?"

"పొయ్యి అంటించినా గదమ్మా. ఏంది, వాటిల్లో ఏమన్నా పెట్టి మర్చిపోయినావా?"

పెళ్లయి గిద్దలూరు వచ్చిన ఏడాది మార్కాపురంలో అక్క ఇంటికి పోతే, మొగుడు సినిమాకి తీసుకుపోయాడు. వీళ్లు పోయేసరికే పేర్లు పడిపోయాయి. హీరో గ్లౌజు తీస్తే చిటికెన వేలు లేదు. సామ్రాజ్యం సీట్లో ముందుకు జరిగింది. సినిమా అయిపోయేదాకా వెనక్కి ఆనుకోలేదు.

"రిక్షాలో ఆయనతో అన్నా. ఏమండీ, ఈ కథలో ఇంకొకామె ఉండాల, ఆమె ఏమైందోనని. లేనిదాని గురించి మనకెందుకు అన్నాడు. మంచి మనిషే ఆయన. నేనే ఇంకెప్పుడూ అడగలేదు."

అడగడానికి ఇంకెవరూ లేరు కూడా. పిల్లలు లేరు. దుకాణానికొచ్చే వాళ్లకి సరుకే తప్ప మాట అక్కర్లేదు. అందుకని ముగింపు ఆమే రాసుకుంటూ వచ్చింది, మనసులో. కొత్త కాపురంలో రాసుకున్నదాంట్లో, గూఢచారి బండి దిగి నేరుగా దుకాణానికే వచ్చాడు. నడివయసులో రాసుకున్నదాంట్లో, వచ్చాడుగాని అప్పటికే ఆమెని పట్టుకుపోయారు. మొగుడు పోయాక మాత్రం ఏ ముగింపూ రాలేదు. మర్నాడు పొద్దున ఆ దుకాణమామె లేచి, సగం మూసిన తలుపు పూర్తిగా తెరిచి, వాకిలి ఊడ్చుకుంటున్నట్టే కనపడేది.

ఫణికృష్ణ జేబులోంచి ఫోన్ తీశాడు. పొద్దుట్నుంచీ ఈ మాట నోట్లోనే ఉంది.

"పెద్దమ్మా, ఆ సినిమా ఫోన్లో దొరికింది. మొదట్లో పేర్లు పడేకాడ ఆపి చూసినా. నవల పేరు, రాసినాయన పేరు రెండూ ఏసినారు. పాత పుస్తకాలు దాచుకునే వాళ్ల గ్రూపులో అడిగినా. తెనాల్లో ఒకాయన కాడ ఉందంట."

సామ్రాజ్యమ్మ పెసలు తూచుతోంది. తూచినవే మళ్లీ తక్కెడలో పోసింది.

"చివరి పేజీలు ఉన్నాయా?"

"ఉన్నాయంట. ఊ అంటే ఇప్పుడే ఫొటో తీసి పంపిస్తాడు."

ఆమె అతని చేతిలో ఫోన్‌ని చూసింది. చెయ్యి చాచలేదు. వీధిలో కంభం ఆటో ఒకటి మనుషుల కోసం అరుస్తూ ఆగింది, కాసేపటికి ఎవరూ ఎక్కకుండానే పోయింది.

"ఇన్నేళ్లూ రెండు విధాలుగానూ ఉండింది నాయనా" అంది మెల్లగా. "వచ్చింటాడు, రాకుండా ఉంటాడు. అది చదివితే ఒకటే మిగులుతాది."

"వద్దంటే వద్దని చెప్తా పెద్దమ్మా."

"వద్దని ఎవరన్నారు? ఫోన్లో వద్దంటున్నా. పుస్తకమే తెప్పియ్యి. వచ్చినాక నువ్వు పార్సిలు చింపి చూడొద్దు, అట్లనే తీసుకరా. మొదట్నుంచీ చదువుకుంటా వస్తా. ఆ తలుపు సగం మూసే పేజీ వచ్చినప్పుడు నీకు కబురు చేస్తా, వచ్చి ఈడ కూర్చో. ఏం మాట్లాడొద్దు."

"కూర్చుంటా. ఒకవేళ ఆమె కోసం ఎవరూ రాకపోతే?"

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "దాని కోసమే గదా నిన్ను రమ్మంటున్నది."

ఫణికృష్ణ నూనె డబ్బా గోడవారకి జరిపి, మెట్టు దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనకనుంచి పిలుపు.

"ఫణీ, ఆయనకి గట్టిగా చెప్పు. పార్సిలు కట్టేటప్పుడు అడుగున అట్టముక్క పెట్టి కట్టమను. చివరి పేజీలు నలుగుతాయి."