మతీన్ సార్ బాదం గింజ

మా మతీన్ సార్‌కు భయం లేని వస్తువంటూ ఈ లోకంలో లేదు. బల్లంటే భయం, సూదంటే భయం, మైకంటే భయం, బస్సంటే ప్రాణభయం. ఇంత భయస్థులైన ఆయన నారాయణఖేడ్ జూనియర్ కాలేజీలో మాకు జువాలజీ చెప్పేవారు. కప్ప జీర్ణకోశంతో మొదలుపెట్టినా, గంట కొట్టేసరికి మనిషి మెదడులో భయం పుట్టించే అమిగ్డలా దగ్గరే తేలేవారు.

"తలకాయల కుడికొకటి, ఎడమకొకటి, బాదం గింజంత ఉంటది. కుక్క మొరిగిందనుకో. అది కట్టేసున్నదా, ఇడిసిపెట్టి ఉన్నదా అని నువ్వు సూసేలోపే బాదం గింజ లేస్తది. నిన్ను గోడ దుంకిపిస్తది. కట్టేసున్నదని తెలిసినంక సిగ్గువడుడే మన పని" అనేవారు.

ఆయన బాదం గింజ మాత్రం రోజంతా లేచే ఉండేది. ఒకసారి ల్యాబ్‌లో బల్లి కనబడితే చటుక్కున స్టూలెక్కి, "స్వరూపరాణీ! జల్దీ రా తల్లీ! నా బాదం గింజ లేచింది!" అని కేక పెట్టారు. స్వరూపరాణి మా క్లాసులో బల్లి పేరు చెబితేనే ఏడ్చే పిల్ల. పాపం, సార్ అవస్థ చూడలేక కళ్ళు సగం మూసుకునే చీపురు పట్టింది. ఏడాది తిరిగేసరికి కాలేజీలో ఏ గదిలో బల్లి కనబడ్డా ఆమెకే కబురొచ్చేది.

అటెండర్ దత్తుది ఇంకో కథ. అతనికి జర్దా అలవాటు. మానేద్దామని ఒట్టు పెట్టుకునేవాడు, బజారులో పాన్ డబ్బా కొట్టు కనబడగానే ఒట్టు గట్టు మీద పెట్టేవాడు. ఒకనాడు సార్ అతని చెయ్యి పట్టుకుని, "దత్తూ, నాక్కూడ జర్దా పాడలవాటయింది. గా డబ్బా సూస్తే చాలు, బాదం గింజకు పాత రుచి యాదికొస్తది. కాళ్ళు అటే పోతయి. నువ్వే నన్ను గుంజుకపోవాలె" అన్నారు. అప్పట్నుంచి సాయంత్రాలు దత్తు సార్‌ను ఎద్దును తోలినట్టు డబ్బా దాటించేవాడు. "నడువున్రి సార్, అటు సూడకున్రి!" అని బజారంతా వినబడేలా అదిలించేవాడు.

ఇక నా సంగతి. మాది కంగ్టి. ఫస్టియర్‌లో ఉండగా, అడ్డమొచ్చిన ఎద్దును తప్పించబోయి మా బస్సు మలుపులో పత్తి చేనులోకి ఒరిగిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కండక్టర్ నీలమ్మ ఒక్కొక్కరినే కిటికీలోంచి బయటికి లాగింది. వారం తిరగకుండానే డ్యూటీకి కూడా వచ్చింది. ఆమెది ఇనుప గుండె అన్నారు జనం. నాది కాదు. డీజిల్ వాసన తగిలితే చాలు, వాంతి వచ్చేది. కాలేజీ మానేశాను. మా నాన్న జగన్నాథ్ కొన్నాళ్ళు చూసి, "బస్సెక్కకుంట సదువెట్ల సదువుతవ్? పత్తి ఏరనీకి రా" అన్నాడు. డాక్టర్‌నవుదామనుకున్న నేను పత్తి సంచి నడుముకు కట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే సార్ మా ఇంటికొచ్చారు.

"దోస్తు బండి మీద వచ్చిన చందనా. గాయిన నన్ను దించి పోయిండు. ఇగ బస్సే దిక్కు. నాకేమో పాణం పోతుంది. జెర తోడు రా బిడ్డా, వచ్చే స్టేజీ దాకనే!"

బస్సు మెట్టు మీద కాలు పెట్టి తీసేశాను. వెనక నుంచి సార్ నా చున్నీ కొస పట్టుకుని గజగజ వణుకుతున్నారు. ఆయన వణుకు చూస్తే నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఎక్కేశాను. స్టేజీలో దిగి నేను ఆటోలో వెనక్కి వచ్చాను. మర్నాడు సార్ మళ్ళీ హాజరు. ఆ మర్నాడు ఇంకాస్త దూరం. మలుపు రాగానే ఆయన కళ్ళు మూసుకుని "యా అల్లా!" అనేవారు. నీలమ్మ టికెట్లు కొట్టడం ఆపి మా సీటు దగ్గరికొచ్చి, "ఏంది సార్ గీ లొల్లి? నేను లేనా?" అని మలుపు దాటేదాకా తిట్టేది. సార్‌ను సముదాయించే పనిలో పడి నేను నారాయణఖేడ్ చేరిపోయాను. బస్సంటే అంత భయమున్న మనిషి రోజూ పొద్దున్నే కంగ్టికి దేని మీద వస్తున్నారో నాకు ఒక్కసారీ తట్టలేదు. పేరుకు సైన్సు విద్యార్థిని.

నా సెకండియర్ చివర్లో సార్ రిటైరయ్యారు. సన్మానంలో స్వరూపరాణి మైకందుకుని, సార్‌ను బల్లుల నుంచి కాపాడింది తనేనంది. సార్‌తో జర్దా మాన్పించింది తనేనన్నాడు దత్తు. సార్‌కు బస్సెక్కడం నేర్పింది నేనేనని నేనూ ఛాతీ విరుచుకుని చెప్పాను. ముందు వరసలో సార్ భార్య అఖ్తర్ బేగం నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"బల్లులా? మా ఇంట్ల బల్లిని చేత్తోని వట్టి బయట ఇడిసేది ఈయనే. జర్దానా? సోంపు గూడ నమలడు. బస్సా? వీళ్ళ అబ్బాజాన్ బస్సు డ్రైవర్. ఈయన చిన్నప్పుడు ఇంజను డబ్బా మీదనే పండుకునేటోడు. ఇప్పటికి గూడ పొద్దుగాల కంగ్టి బస్సెక్కితే గురకే!"

సార్ కాపీ కొడుతూ దొరికిన పిల్లాడిలా తల దించుకున్నారు. నాకు ముందు ఉక్రోషం వచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"గిన్ని అబద్ధాలెందుకు సార్?"

"భయపడకు అంటే బాదం గింజ ఇనదు బిడ్డా. పాతది మరవదు గూడ. దాని పక్కన కొత్త జ్ఞాపకం పెట్టాలె, గంతే."

"అంటే మీకు భయమే లేదా?"

"ఎందుకు లేదు? మొదటి దినం నువ్వు మెట్టు మీంచి కాలు తీసినవ్ సూడు. గప్పుడు వణికింది మాత్రం నిజంగనే."

ఆ సాయంత్రం నన్ను ఊళ్ళో దిగబెట్టి వస్తానంటూ కంగ్టి బస్సులో సార్ కూడా నా పక్కన కూర్చున్నారు. మలుపు దగ్గరపడగానే ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని కడ్డీ పట్టుకున్నారు. "నాకు తెలిసిపాయె కద సార్, ఇంకెందుకు?" అన్నాను గొంతు తగ్గించి.

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఇది నీ కోసం కాదు బిడ్డా. బస్సు చేన్ల ఒరిగిన దినం అండ్ల నీలమ్మ గూడ ఉండె."

తల తిప్పి చూశాను. నీలమ్మ రెండు చేతులతో సీటు కడ్డీని బిగపట్టి, మలుపు వైపే చూస్తోంది. నుదుటి నిండా చెమట. ఇన్నాళ్ళూ నేను ఆమె తిట్లు విన్నానే గాని ఆమె ముఖం చూడలేదు.

నేనూ గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

"నీలమ్మక్కా! నాకు గూడ భయమైతుంది!"

"ఇద్దరికిద్దరు దొరికిండ్రు నా పాణానికి!" అంటూ నీలమ్మ కడ్డీ వదిలేసి మా దగ్గరికి పరుగున వచ్చింది.