ప్లీడరమ్మ చేదిపోసిన నీళ్లు

మా అత్త నన్ను గురించి నలుగురిలో చెప్పేటప్పుడు "దీని నోట్లో ఉండేది నాలుక కాదు, కొడవలి" అనేది. కోపంగా అనేది కాదు, కొంచెం గర్వంగానే అనేది. నేనూ దాన్ని పొగడ్తగానే తీసుకునేదాన్ని. ఆ నోరు నా ఇంటి కప్పుకే ముప్పు తెచ్చిన రోజు ఒకటుంది.

స్వరాజ్యం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్నారు. మా ఆయనకు తిరుపతిలో లెక్కల అయ్యవారి ఉద్యోగం దొరికింది. మేము క్రైస్తవులం, మా తాతల నాడే మతం పుచ్చుకున్నాం. అంతకుముందు చిత్తూరు దగ్గర పల్లెలో ఉండగా నా మొదటి కాన్పు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఎద్దుల బండిలో చిత్తూరు ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే బిడ్డ పోయింది. మళ్లీ కడుపు పండిందని తెలిసినప్పుడు మేమిద్దరం ఒకటే అనుకున్నాం, ఈసారి ఆస్పత్రికి నడిచిపోయేంత దగ్గర్లో కాపురం ఉండాలని. మాకు ఇల్లంటే అది. గోడలు, కప్పు తర్వాతి సంగతి.

ఇళ్లు లేకపోలేదు. యాత్రికులకు అద్దెకిచ్చే గదులున్న ఊరు, టులెట్ పలకలు వీధికొకటి వేలాడేవి. మా ఆయన పంచె కట్టు, లెక్కల అయ్యవారన్న మాట చూసి తలుపు బాగానే తెరిచేవాళ్లు. కూర్చోమనేవాళ్లు. "మీరేమోళ్లు?" అని అడిగిన తర్వాతే గొంతు మారేది. ఎవరూ మమ్మల్ని పొమ్మనలేదు. "మాకేం పట్టింపు లేదు అయ్యవారూ, ఇంట్లో ముసలామె ఉండాది, ఆమె ఒప్పదు" అనేవాళ్లు. అడిగిన ప్రతి ఇంట్లోనూ ఒప్పని ముసలామె ఒకతె ఉండేది. తిరుపతి నిండా ఇందరు ముసలమ్మలు ఎక్కడినుంచి వచ్చారా అని నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

చివరికి ఇల్లిచ్చింది ఒక ప్లీడరుగారు. ఖద్దరు మనిషి. ఉద్యమంలో జైలుకు పోయివచ్చినవాడు. ఆస్పత్రికి నడిచిపోయేంత దగ్గర్లోనే, తన పెద్దింటి పెరట్లో ఉన్న రెండు గదులు మాకిచ్చాడు. "మా ఇంట్లో ముసలామె లేదులేమ్మా" అని నవ్వాడు. అంటే ఊళ్లో సంగతి ఆయనకూ తెలుసన్నమాట. ఆ నవ్వుకే నాకు ప్రాణం లేచివచ్చింది.

బావి పెద్దింటికీ మా గదులకూ మధ్యన ఉండేది. మొదటి రోజు నేను కడవ తీసుకుపోతే ప్లీడరుగారి భార్య గబగబా వచ్చింది. మేము ఆమెను ప్లీడరమ్మ అనేవాళ్లం. "ఆడ పెట్టు బిడ్డా, నేను చేదిపోస్తా" అంది. కడుపుతో ఉన్నదాన్ని కదా, బరువెత్తనివ్వకూడదని అనుకుంటోందని నా కళ్లు చెమర్చాయి. ఆమె నీళ్లు చేది, నా కడవకు తగలకుండా పైనుంచి ధారగా పోసేది. ఒకరోజు ఆమె రావడం ఆలస్యమైతే నేనే చేంతాడు అందుకోబోయాను.

"వద్దు బిడ్డా, వద్దు!" అని వసారాలోంచే అరిచింది. పరుగెత్తుకొచ్చి రొప్పుతూ నవ్వింది. "నేనుండాను గదా, నీకెందుకు కష్టం?"

ఆ పూటనుంచి చేంతాడు, బొక్కెన ఇంట్లోకి పోయాయి. నీళ్లు చేదేటప్పుడే బయటికి వచ్చేవి.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆమె చెడ్డది కాదు. మామిడికాయ పచ్చడి పెడితే నాకో గిన్నె పంపేది, ఆ గిన్నె తిరిగి తీసుకునేది కాదు. నా కాళ్లు వాచాయని నువ్వుల నూనె పంపింది. కానీ ఆమె కొండకు పోతే మాకు నీళ్లు లేవు. ఆమె బయట ఉన్న రోజుల్లో ఆమెకూ బావి లేదు, నాకూ లేదు. అప్పుడు ఆ ఇంట్లోనే ఉండే ఆమె ఆడబిడ్డ పోసేది, గుర్తున్నప్పుడు. నేను ఖాళీ కడవ పట్టుకుని బావి దగ్గర నిలబడేదాన్ని. పిలవడానికి సిగ్గు, పోవడానికి వీల్లేదు. ఆ నిలబడడం ఎలాంటిదో నిలబడినవాళ్లకే తెలుసు.

ఇలా ఉండగా గ్రంథాలయం వార్షికోత్సవం వచ్చింది. ప్లీడరుగారే అధ్యక్షుడు. మన దేశంలో అల్పసంఖ్యాక మతాలవాళ్లకు అన్యాయం జరుగుతోందని ఎవరో విదేశాల్లో అన్నారట, పత్రికల్లో పడింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట నిజమా కాదా అని సభలో వాదన పెట్టించాడు. కాదనే పక్షాన మాట్లాడమని మా ఆయన్ను పిలిచాడు.

మా ఆయన సాయంత్రం వచ్చి గడపమీద కూర్చుని చెప్పాడు. "నేను చెప్తే ఆ మాటకు బరువుంటాదంట. ప్లీడరమ్మ మనకు నీళ్లు చేదిపోసే సంగతి చెప్పమంటాండాడు. ఇంతకంటే రుజువేముండాది అంటాండాడు."

నేను వింటున్నది నమ్మలేకపోయాను. "నీళ్ల సంగతా? అది రుజువా?"

"మెల్లగా మాట్లాడు, ఇనపడ్తాది."

"ఇననీ. తాడు ముట్టనీయకుండా పోసే నీళ్లను దండోరా వేస్తారా మీరు?"

"అది మతం గాదు, వాళ్ల ఆచారం అంటాడు ఆయన."

"మతమో, కులమో, ఆచారమో, మీరూ ఆయనా కూర్చొని తేల్చుకోండి. నా కడవకు ఆ తేడా తెలీదు."

మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఈ ఇల్లు పోతే యాడికి పోతాం? మళ్లా ఆ బండిలోనే పోతామా?"

ఆ బండి పేరు ఎత్తేసరికి నా నోరు మూతపడింది. కడుపులో బిడ్డ కదిలింది. ఆ క్షణంలో ఎవరేం చెప్పమన్నా చెప్పడానికి నేనూ సిద్ధమే అనిపించింది. "పోయి చెప్పుకోండి. నన్ను మాత్రం రమ్మనొద్దు" అన్నాను.

కానీ సభ రోజు ప్లీడరమ్మే వచ్చి పిలిచింది. "మన అయ్యవారు మాట్లాడ్తాంటే నువ్వు రాకుంటే ఎట్ల బిడ్డా?" అని. ఆ మన అన్న మాటకు కాదనలేకపోయాను. ఆడవాళ్ల చాపమీద కొందరు నన్ను చూసి పక్కకు జరిగి కూర్చున్నారు. ప్లీడరమ్మ మాత్రం నా పక్కనే కూర్చుంది. అదీ చెప్పాలి కదా.

అన్యాయం జరుగుతోందనే పక్షాన మాట్లాడ్డానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి సైకిల్ షాపు సాయిబు లేచాడు. ఊరందరికీ తెలిసిన మనిషి. ఉపన్యాసం చెప్పడం అతనికి రాదు.

"నాకు పెద్ద మాటలు రావబ్బా. నా కూతుర్ని కర్నూలు అవతల ఇచ్చినాను. హైదరాబాదు గొడవ అయినకాడినుంచి, నేను రేణిగుంటలో రైలెక్కితే చాలు, పోలీసాయన భుజం మీద చెయ్యేస్తాడు. యాడికి పోతాండావు, ఆడ నీకెవరుండారు అంటాడు. అదే రైల్లో మీరంతా ఎక్కుతారు. మిమ్మల్నెవరూ అడగరు. అంతే నేను చెప్పేది."

వెనకనుంచి ఎవరో "అంత కష్టంగా ఉంటే ఆ దేశానికే పో" అని అరిచారు. కొందరు నవ్వారు. ప్లీడరుగారు బల్ల గట్టిగా చరిచి, ఆ అరిచినవాణ్ణి బయటికి పంపించాడు. తర్వాత సాయిబు వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "అది ఒక పోలీసు చేసిన తప్పు సాయిబూ. దేశం చేసిన తప్పు గాదు." సభ చప్పట్లు కొట్టింది. సాయిబు ఇంకేదో అనబోయి కూర్చున్నాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క తప్పే చేస్తారు. భుజం మాత్రం అదే కదా.

మా ఆయన లేచాడు. మంచి గొంతు ఆయనది. సర్కారు తనకు ఉద్యోగమిచ్చిందన్నాడు, పిల్లలు తనకు నమస్కారం పెడతారన్నాడు, బడిలో తననెవరూ మతం పేరెత్తి మాట అనలేదన్నాడు. అన్నీ నిజాలే. చెప్పి ఆగిపోయాడు.

"నీళ్ల సంగతి చెప్పండి అయ్యవారూ" అని ప్లీడరుగారు గుర్తుచేశాడు.

మా ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. కండువాతో మొహం తుడుచుకుని మళ్లీ ప్రయత్నించాడు, రాలేదు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. సభలో గుసగుసలు మొదలయ్యాయి. "అయ్యవారికి మొగమాటం" అని ప్లీడరుగారు నవ్వి ఆ సంగతి తానే చెప్పాడు. తన ఇంట్లో క్రైస్తవ కుటుంబం కాపురం ఉందనీ, తన భార్య స్వయంగా తన చేతుల్తో వాళ్లకు రెండు పూటలా నీళ్లు చేదిపోస్తుందనీ, ఏ దేశంలోనైనా ఇది చూపించమనీ అన్నాడు. చప్పట్లతో ఆ గది దద్దరిల్లింది. నా పక్కన ప్లీడరమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

"కావాలంటే ఆ అమ్మనే అడుగుదాం" అని ఆయన మా వైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమా, కాదా?"

చాపమీద చెయ్యి ఆనించి లేచాను. నాకు నెలలు నిండుతున్నాయి, లేవడమే కష్టంగా ఉంది. మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆయన కళ్లలో ఉన్నది నాకు బాగానే అర్థమైంది. నిజమే అని ఒక్క మాట అని కూర్చో, చాలు.

"నిజమే" అన్నాను. "ప్లీడరమ్మ పోస్తేనే మా పొయ్యి మీదికి ఎసరు. ఆమె చెయ్యి చల్లని చెయ్యి."

మళ్లీ చప్పట్లు. కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేకపోయాను.

"ఇన్నాళ్లూ ఆమె నాకు పోసింది. రేపు పొద్దున ఒక్క కడవ, ఒక్కటే, నేను ఆమెకు చేదిపోస్తాను. పోయించుకోమని చెప్పండి సామీ."

చప్పట్లు ఆగిపోయాయి. ప్లీడరుగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన భార్య వైపు చూడలేదు. నా పక్కన ప్లీడరమ్మ చీర కొంగు దగ్గరికి లాక్కుంది, అంతే, ఇంత మాత్రం. సైకిల్ షాపు సాయిబు ఒక్కడే నా మొహంలోకి సూటిగా చూశాడు. ఆయన నవ్వలేదు.

తర్వాత చేతులెత్తించారు. మన దేశంలో అన్యాయమేమీ లేదని తీర్మానం నెగ్గింది.

దారిలో మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక అటకమీదనుంచి ట్రంకుపెట్టె దించాడు. "ఎందుకు?" అన్నాను. "ఎట్లయినా పొమ్మంటారు గదా" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నెగ్గానన్న సంతోషం లేదు. నా బిడ్డను నా నోటితోనే మళ్లీ ఆ బండి ఎక్కించానే అన్న భయం ఒక్కటే.

తెల్లవారి కడవ తీసుకుని బావి దగ్గరికి పోయాను. పోకుంటే ఓడిపోయినట్టని పోయాను. ప్లీడరమ్మ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నీకు నేనేం తక్కువ జేసినాను బిడ్డా? అంతమందిలో నన్ను దోషిలాగా నిలబెట్టినావే."

"మీరేం తక్కువ జేయలేదమ్మా. తాడు ఒక్కటే ఇయ్యలేదు."

ఆమె చేంతాడు నా చేతికివ్వలేదు. బొక్కెనతో సహా బావి గట్టుమీద పెట్టి, "తీసుకో. నీ ఇష్టమొచ్చినన్ని చేదుకో" అని లోపలికి పోయింది.

ఆ రోజు నేను చేదిన మొదటి బొక్కెన నీళ్లు నా కాళ్లమీదే పోసుకున్నాను. ఎందుకో తెలీదు. మా ఆయన ట్రంకుపెట్టె మళ్లీ అటకమీద పెట్టాడు. ప్లీడరుగారు మాట మీద నిలబడే మనిషి, మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. నాకు ఆస్పత్రిలోనే కాన్పయింది. ఆడపిల్ల, కేరుమంటూ పుట్టింది.

కానీ ఆ రోజునుంచి పెద్దింటివాళ్లెవరూ ఆ బావి ముట్టలేదు. మడినీళ్లు పనిమనిషి తేకూడదు కనుక, ఏనాడూ కడవతో వీధిలోకి రాని ప్లీడరమ్మ పక్క వీధిలో ఉన్న బంధువుల ఇంటినుంచి తనే మోసుకునేది. మా గుమ్మం ముందునుంచే పోయేది. మాతో మాట్లాడ్డం మానలేదు, పచ్చడి పంపడమూ మానలేదు. బావి మాత్రం మాదైపోయింది.

మరుసటి ఏడు గ్రంథాలయం సభలో మళ్లీ ఆ వాదనే వచ్చిందట. మా ఆయన వచ్చి చెప్పాడు. ప్లీడరుగారు లేచి, "మా ఇంటి బావినే వాళ్లకిచ్చేసినాం, ఇంక వివక్ష యాడుండాది?" అన్నాడట. కిందటేటికంటే చప్పట్లు ఎక్కువే పడ్డాయట. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. నేను పాపను కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నాను. చెంబు విసిరికొట్టాలనిపించింది.

అంతలో గుమ్మం ముందు ప్లీడరమ్మ ఆగింది. నిండు కడవ నడుముకెత్తుకుని రొప్పుతోంది. "పాపకు జలుబు తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను. ఆమె మొహమంతా చెమట. కోపం ఎక్కడికి పోయిందో, పాపను మా ఆయన చేతికిచ్చి లేచాను.

"ఎందుకమ్మా ఈ పాట్లు? బావి ఈడనే ఉండాది గదా. మీరే చేదుకోండి, నేను దగ్గరికి గూడా రాను."

ఆమె ఒకసారి బావి వైపు చూసింది. కడవను ఇటు నడుమునుంచి అటు నడుముకు మార్చుకుంది.

"వద్దులే బిడ్డా. నాకు అలవాటయిపోయింది."