తొలి ముర్రాటకి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు

కెమెరాలో రీలు వేసుకుని తిరిగే ఆ రోజుల్లో మా ఉద్దానం ఊళ్లలో ఫోటోగ్రాఫరంటే ఎంత మర్యాదో అంత అనుమానం. కుర్చీ వేసేవాళ్లం, కొబ్బరిబొండాం కొట్టించేవాళ్లం. కానీ ఆయన కెమెరా ఎటు తిరిగితే మా కళ్లూ అటే తిరిగేవి. ఆడపిల్లల వైపు తిప్పాడా, గిట్టనివాళ్ల వైపు తిప్పాడా, అసలు లోపల రీలుందా, లేక ఉత్త ఫ్లాష్ వెలుగేనా అని. ఇప్పుడు ఊరందరి చేతుల్లోనూ ఫోన్లే కాబట్టి ఎవర్ని అనుమానించాలో తెలియక ఎవర్నీ అనుమానించడం లేదు. భగవంతుడు నాకిచ్చినవాటన్నిటికీ రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుంటాను గాని, పెళ్లికాని ఆ వయసులో ఈ అనుమానపు గుణాన్ని మాత్రం నాకు దోసిలి నిండా పోశాడనిపిస్తుంది.

పూండి స్టేషను దగ్గర దిగి సముద్రం వైపు జీడితోటలు దాటుకుంటూ వస్తే మా ఊరు. అమ్మోరి సంబరంలో మాకో కట్టుబాటుంది. పసుపునీళ్లు నింపి వేపమండలు పెట్టిన కుండల్ని ముర్రాటలంటాం. ఆడవాళ్లంతా వాటిని నెత్తిన పెట్టుకుని డప్పుల వెనక నడిచివెళ్లి అమ్మోరి ముందు కుమ్మరిస్తారు. తొలి ముర్రాట మాత్రం, ఊరు కట్టిన పెద్దాయన పెద్దకొడుకు వంశంలో పెద్దకోడలిది. చిక్కల్లా ఆ పెద్దాయనకి కవలలు పుట్టడంతో వచ్చింది. ఎవరు ముందు పుట్టారో చూసిన మంత్రసాని ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయిందట. మొదటి కవల సంతానం మేం, రెండో కవల సంతానం ఎదురింటివాళ్లు. (ఈ వాక్యం ఎదురింట్లో ఎవరైనా చదివితే మళ్లీ మొదలవుతుంది. వాళ్లు తిరగేసి చదువుకోగలరు.) పెద్దలు విసిగిపోయి, "ఇద్దరు కోడళ్లూ పక్కపక్కన నడిసి ఒక్కసారే పొయ్యాల" అని తీర్పు చెప్పారు. తీర్పు బాగానే ఉంది గాని, ఒక్కసారే పోసినా ఎవరి నీళ్లు ముందు పడ్డాయో ఫోటోలో తేలిపోతుందని మా పెదనాన్నకి తట్టింది. అదే ఆలోచన ఎదురింటి చిన్నాన్నకీ తట్టింది. కవలల వంశం కదా!

మావైపు ముర్రాట మా పెద్దమ్మది. ఆవిడకి ఈ గొడవలేవీ పట్టవు. "నాకు మోకాళ్లు సచ్చిపోనాయే పిల్లా. పై సంబరానికి కుండ కోడలికి ఇచ్చీడమే. నెత్తిన ముర్రాటెట్టుకున్న ఫోటో ఒక్కటుంటే సాలు. నాను పోనాక దాని ముందే దీపమెట్టండి. పీట మీద కూకోబెట్టి తీసిన ఫోటో మాత్రం వొద్దు, అందులో దెయ్యంలాగుంటాను" అంది. అంతే ఆవిడ కోరిక. పెదనాన్న మాత్రం నన్ను పక్కకి పిలిచి, "నువ్వు మీ నాన్న దగ్గర భాగోతం సదువుకున్నదానివి. ఆ ఫోటోగ్రాఫరు పక్కనే నిలబడి కన్నేసి ఉండు. ఆళ్లలో కలిసిపోతాడేమో" అన్నాడు. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్నే గురువు, వీధి అరుగే బడి. చదివిన భాగవతానికి అప్పటిదాకా ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి రెండు జడలూ బిగించుకుని మహా సంతోషంగా ఒప్పుకున్నాను.

సంబరం నాడు మా ఫోటోగ్రాఫరు కాశీబుగ్గ నుంచి వచ్చాడు. ఒంటి నిండా జేబులున్న కోటు, చురుకైన మనిషి. ఎదురింటివాళ్ల ఫోటోగ్రాఫరు టెక్కలి నుంచి వచ్చాడు. నెరిసిన జుట్టు, తాడు కట్టిన కళ్లజోడు. మావాడు ఆయన్ని చూడగానే పరుగెత్తుకెళ్లి ఇసకలోనే వంగి కాళ్లకి దండం పెట్టేశాడు! నేను రెండడుగులు దగ్గరికి జరిగాను. "మా గురువుగారమ్మా. కెమెరా పట్టుకోడం నేర్పిందీయనే" అని నాకు చెప్పాడు కూడా. గురువుతో పోటీ పడ్డ శిష్యులు పురాణాల్లో లేకపోలేదు గాని, వాళ్లెవరూ ముందుగా ఒకే గ్లాసులో టీ పంచుకోలేదు. టీ అయ్యాక ఆ పెద్దాయన సంచిలోంచి చిన్న నల్లడబ్బా తీసి మావాడి జేబులో పెట్టాడు. రీలే కావచ్చు. ఎదుటి పక్షం మనిషి మన మనిషికి రీలెందుకిస్తాడు? తర్వాత ఇద్దరూ అమ్మోరి ముందుకెళ్లి ఇసకలో కాలితో ఒక గీత గీశారు.

"ఆ గీత ఏమిటండీ?" అని అడిగాను.

"మా సారు పద్ధతమ్మా. కూర్చున్నోళ్లకి అమ్మోరు కనబడాల కదా? గీత దాటి ముందుకెళ్తే అది ఫోటో తియ్యడం కాదు, పదిమంది కళ్లకి గంతలు కట్టడం అంటారు."

ఎంత చక్కని మాట! అంత చక్కగా ఉంది కాబట్టే నేను నమ్మలేదు.

వెళ్లి పెదనాన్న చెవిలో వేశాను. "పెదనాన్నా, మనవాడు వాళ్లలో కలిసిపోయాడు. టీ తాగారు, డబ్బా చేతులు మారింది, గీత గీసుకున్నారు."

"గీత కూడా గీసేసినారేటి!" అని పెదనాన్న చంకలో గొడుగు సవరించుకున్నాడు. అటువైపు ఎదురింటి చిన్నాన్న మేనల్లుడు కూడా వాళ్ల మావ చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఏం ఊదుతున్నాడో నాకు వినబడకపోయినా అర్థమైంది.

డప్పులు దగ్గరికొచ్చాయి. పెద్దమ్మా, వాళ్లవైపు పెద్దకోడలు ఎదురింటి పిన్నీ భుజం భుజం రాసుకుంటూ వచ్చి అమ్మోరి ముందు ఆగారు. పెద్దమ్మ నుదుటి మీద పసుపునీళ్లు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. ఫోటోకి అంతకంటే మంచి క్షణం ఉండదు. గీత వెనక మాత్రం, "మీరు తియ్యండి సార్" అని మావాడు, "కాదు నాయనా, నీ ఎదుగుదల నేను సూడాల, నువ్వు ముందు తియ్యి" అని ఆయన. "మీ ముందా సార్!" "తియ్యవయ్యా!" ఇదీ వరస.

"మీ మర్యాద మండిపోనూ! నెత్తి మీద కుండుందిరా బాబూ!" అని పెద్దమ్మ గావుకేక పెట్టింది.

సరేనని ఇద్దరూ కెమెరాలు ఎత్తేసరికి, అదే కుట్రకి సంకేతం అనుకుని పెదనాన్న ఒక్క గంతులో గీత దాటి టెక్కలాయన ముందు గొడుగు విప్పేశాడు. అది చూసి ఎదురింటి చిన్నాన్న గీత దాటి మావాడి ముందు కండువా పరిచాడు. వాళ్లని లాగడానికి అటు నలుగురు, వీళ్లని ఆపడానికి ఇటు నలుగురు. వెనక ఇసకలో కూర్చున్న జనం లేచిపోయారు.

"కూకోరా బావా! అమ్మోర్ని సూడ్డానికొచ్చినామా, మీ ఈపులు సూడ్డానికొచ్చినామా?"

"ఎండ అమ్మోరికా, నీకా? గొడుగు దించు మావా!"

"ఓలమ్మో, నా కాలు తొక్కీసినాడే!"

ఆ గందరగోళంలోనే ఎక్కడో భళ్లున నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. తొలి ముర్రాట అయిపోయింది. ఎవరివి ముందు పడ్డాయో ఊళ్లో ఒక్క ప్రాణీ చూడలేదు. ఆ క్షణాన రెండు రీళ్లలోనూ పడ్డది ఒక నల్లగొడుగూ, ఒక ఎర్రకండువా.

మావాడు బిక్కమొహంతో వచ్చి, "ఇంకోసారి కుండలు నింపి పోసినట్టు నిలబడండమ్మా, పెళ్లిళ్లలో అలాగే తీస్తాం" అన్నాడు. పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆవిడకి ఆ ఫోటో ఎంత కావాలో నాకు తెలుసు. అయినా, "అమ్మోరి ముందు నటన సెయ్యమంటావేటి బాబూ? పోసింది పోసినాను. ఆ తల్లి సూసింది, సాలు" అని ఖాళీ కుండ ఒళ్లో పెట్టుకుని అక్కడే తడి ఇసకలో కూలబడింది. ఎదురింటి పిన్నీ వచ్చి పక్కనే కూలబడింది.

"ఓలప్పా, నీది ముందు పడ్డాదా, నాది ముందు పడ్డాదా?"

"నీ మీదొట్టు, నాను కళ్లు మూసుకున్నాను."

"నానూ మూసీసుకున్నాను!"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని, అవతల ఇంకా కండువాలు లాక్కుంటున్న మొగుళ్లని చూసి, పళ్లన్నీ కనబడేలా పకపకా నవ్వడం మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక కెమెరా క్లిక్కుమంది.

ఎవరు నొక్కారో ఈరోజుకీ తేలలేదు. "మా గురువుగారు తీసిందమ్మా" అంటాడు కాశీబుగ్గవాడు. "మావాడి చెయ్యి అది" అనేవాడు టెక్కలాయన. ఆ ఫోటో రెండిళ్లలోనూ గోడకెక్కింది. ఫోటోలో కుడిపక్కనున్నావిడే పెద్దకోడలని మా ఇంట్లోనూ, ఎడమపక్కనున్నావిడేనని ఎదురింట్లోనూ పిల్లలకి నేర్పారు. పెద్దమ్మ వెళ్లిపోయాక ఆవిడ కోరినట్టు దాని ముందే దీపం పెడుతున్నాం. కుండ నెత్తిన లేకపోయినా ఒళ్లో ఉంది. నవ్వే పెద్దమ్మకి దీపం పెట్టే భాగ్యం మాకు దక్కించినందుకు ఆ ఇద్దరు ఫోటోగ్రాఫర్లకీ మనసులో దండం పెట్టుకుంటాను.

మొన్న దీపం పెడుతూ కళ్లజోడు సవరించుకుని చూశాను. పెద్దమ్మ వెనకాల, కొంచెం మసకగా, రెండు జడల పిల్లొకతి నిలబడి ఉంది. అంతటి అమ్మోరూ ఆ పిల్ల వీపు వెనకే ఉంది. ముందేమో ఇద్దరు ముసలమ్మలు జన్మకి సరిపడా నవ్వుతున్నారు. ఆ పిల్ల మాత్రం అటూ చూడక, ఇటూ చూడక, కళ్లు చిన్నవి చేసుకుని నేరుగా కెమెరాలోకి, అంటే నావైపే, వీళ్లెవరో ఏదో చేస్తున్నారన్నట్టు గుచ్చి గుచ్చి చూస్తోంది. "ఏమీ లేదే తల్లీ, అటు తిరిగి దండం పెట్టుకో" అందామనుకున్నాను. చెప్పినా నమ్మే రకం కాదని ఊరుకున్నాను.