డొల్లగా పలికిన ఇప్పచెట్టు

మొన్న గోదావరిఖని అంగట్లో నీళ్లు పోసుకునే మట్టి రంజన్లు అమ్మే అవ్వ ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి వినిపిస్తోంది. మంచిది ఖంగుమంటుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. నేను ఊరుకోలేకపోయాను. చెట్టును కర్రతో కొట్టి లోపల ఏముందో చెప్పగల చెవి ఈ బొగ్గు బాయిల చుట్టూ నా ఒక్కడిదేనని, కమాన్‌పూర్ దగ్గర వెయ్యేళ్ల ఇప్పచెట్టు డొల్లగా పలికితే జనమంతా పారిపోయినా నేను కదల్లేదని అక్కడున్నవాళ్లందరికీ చెప్పాను. రంజన్‌లోకి తొంగిచూస్తున్న మా ఆవిడ లచ్చమ్మ తలెత్తి నన్నొకసారి చూసింది. ఆ చూపంటేనే నాకు భయం.

ఆ చెవి నాకిచ్చినవాడు సూర్యం సారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఓవర్‌మన్, బొగ్గు గనిలో మా పని చూసే అధికారి. బాయిలో మేం ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు ఆయన కర్రతో పైకప్పు రాయిని కొట్టి వినేవాడు. గట్టిగా పలికితే పని, డొల్లగా పలికితే పరుగు. సెలవు రోజున స్కూటరు తీసి పాత చెట్లను చూడబోయేవాడు. రామగిరి గుట్టల్లో మద్దిచెట్టు ఉందని ఎవరైనా అంటే చాలు, అదే కర్రతో దాని ముందు ప్రత్యక్షం. చెట్టును కూడా కొట్టి, చెవి ఆనించి, చుట్టాన్ని పలకరించినట్టు తల ఊపేవాడు. మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు పైకప్పు డొల్లగా పలికింది. నేనూ విన్నాను. కానీ కాళ్లు కదల్లేదు. సారు నా రెక్క పట్టి ఇవతలికి గుంజాడు. నేను నిలబడ్డ చోట రాయి కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాటి నుంచి నేను డ్యూటీకి పోలేదు. కడుపునొప్పని చెప్పి మంచం పట్టాను. ఇంకొన్నాళ్లు ఇలాగే మానేస్తే ఉద్యోగం పోతుందని లచ్చమ్మకు తెలుసు. వెళ్లి సారుతో చెప్పింది.

ఆదివారం సారు స్కూటరు మా వాకిట్లో ఆగింది. లచ్చమ్మ తల్లిగారి ఊరి పొలిమేరలో పెద్ద ఇప్పచెట్టు ఉందట, చూసొద్దాం రమ్మన్నాడు. దారి చూపడానికి ఆమె కూడా ఎక్కింది. చెట్టు నిజంగానే పెద్దది. మేం ముగ్గురం చేతులు కలిపినా దాని నడుము అందలేదు. పూలు రాలి నేలంతా తియ్యటి వాసన. సారు కర్రతో ఒక్కటి కొట్టాడు. లోపలంతా డొల్ల.

ఇక్కడ నిజం చెప్పాలి. వెయ్యేళ్లన్నది నేను వేసిన లెక్క, ఊరివాళ్లు తాతల నాటిదనే అన్నారు. పారిపోయిన జనం కూడా లేరు. ఆ చప్పుడు వినగానే పైన ఆకాశముందని మరిచి ఉరికింది నేనే. చెలక చేను గట్టు మీద ఆగి వెనక్కి చూస్తే సారు చెట్టుకు ఆనుకొని నవ్వుతున్నాడు.

"రావయ్యా లింగయ్యా. రాయి డొల్లయితే పడుతుంది. చెట్టు ప్రాణం బెరడు కిందుంటుంది, లోపల డొల్లయినా పూస్తుంది," అన్నాడు. నేను దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించాడు. "భయం పోవాలని చూడకు. దాన్ని ఇంట్లో పడుకోబెట్టి రాకు. డ్యూటీకి తెచ్చుకో, పనికొస్తుంది."

సోమవారం మొదటి షిఫ్టుకు దిగాను, భయంతో సహా. రిటైరయ్యేదాకా అది నాతోనే దిగింది, నాతోనే పైకొచ్చింది. సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్టు దగ్గరికి పోతాను. డొల్ల ఇంకాస్త పెరిగింది. పూత తగ్గలేదు.

రంజన్ ఆటోలో పెట్టుకొని ఇంటికి వస్తూ ఇదంతా లచ్చమ్మతో ఒప్పుకున్నాను. అంగట్లో కోతలు కోశానని, ఆనాడు ఆమెను చెట్టు కిందే వదిలేసి ఉరికిన పిరికివాణ్ణని. కొంచెం కన్నీళ్లు కూడా పెట్టుకోబోయాను.

"గదీ అబద్ధమే," అంది లచ్చమ్మ. "ఏడ ఇడిసిపెట్టినవ్? సారు నిన్ను గుంజినట్టే నా రెక్క గుంజుకొని ఉరికినవ్. గది చూసే సారు నాతోని అన్నడు, వీడు బాయిల తోటి మనిషిని ఇడిసి రాడమ్మా, రేపు డ్యూటీకి పంపు అని. నీ చెవిని జూసి గాదు. ఇగ రంజన్ గట్టిగ పట్టుకో, గుంతలచ్చినయ్."